వరలక్ష్మీ వ్రతానికి పంచిన నిప్పుచీమలు

ఐస్‌క్రీమ్ పుల్లకి పీనట్ బటర్ పూసి, చెట్టు మొదట్లో పెట్టి, గంట తరవాత దానికి ఏం పట్టిందో చూడడం కూడా ఒక ఉద్యోగమేనంటే నేను నమ్మలేదు. రెండేళ్ల కిందట దేదీప్య మా గుమ్మంలో నిలబడి అదే తన పని అని చెప్పినప్పుడు, పాపం ఈ పిల్లని ఎవరో మోసం చేసి ఈ దీవిలో దింపేశారనుకున్నాను.

మేముండేది హవాయిలో, మావీ అనే దీవిలో. హవాయి అనగానే ప్లేనో, నేపర్‌విల్ లాంటి అమెరికా ఊళ్లలో ఉన్న మనవాళ్లకి పూలదండలూ సముద్రపు ఒడ్డు ఫోటోలూ గుర్తొస్తాయి. నాకు మా వీధి గుర్తొస్తుంది. మా అమ్మాయి ఇక్కడి ఆస్పత్రిలో ఫార్మసిస్టు, పన్నెండేళ్లుగా నేను దాని దగ్గరే. వీధి కొండవాలు మీద ఉంటుంది. ఇళ్ల వెనక కమ్మీల కంచె, కంచె అవతల లోతైన వాగు, వాగు దిగువన కెయోకి అనే ఇక్కడి మనిషి సాగుచేసే చేమమడులు. అవును, మన చేమదుంపే. మనం వేపుడు చేసుకుని మరిచిపోతాం. వాళ్లకి అది ఇంటికి పెద్దన్న. మనుషులు దాని తరవాతే పుట్టారని వాళ్ల నమ్మకం. నేను అడిగితే కెయోకి మడిలో మోకాలిలోతు బురదలో నిలబడే ఇదంతా చెప్పాడు. నేను అందర్నీ అన్నీ అడుగుతాను.

దేదీప్యనీ అడిగాను.

"ఏ ఊరమ్మా మీది?"

"జనగామ దగ్గర ఆంటీ."

"నాన్నగారేం చేస్తారు?"

"ఎరువుల దుకాణం."

"వీసా?"

"ఓపీటీ మీదున్న. చదువైనంక కొన్నాళ్లు పని చేసుకోనిస్తరు."

"పెళ్లి?"

"ముందు చీమలు ఆంటీ," అని నవ్వేసి, మోకాళ్ల మీద కూర్చుని మా మెట్ల కింద పుల్ల పెట్టింది.

పక్కింటి ఫిలిప్పీన్స్ ఆవిడ పిల్లికి కళ్ల మీద తెల్లటి పొర వచ్చిందట. పశువుల డాక్టరు చూసి, ఇది చీమలు కుట్టడం వల్లేమో, చీమల టీముకి ఫోన్ చేయమన్నాడట. అందుకని వీధి వీధంతా వెతుకుతున్నారు. ఈ దీవిలో అలాంటి టీము ఉందని అప్పుడే తెలిసింది. బయటినుంచి వచ్చి ఇక్కడి అడవినీ నీటినీ పొలాన్నీ తినేసే చెట్లనీ పురుగుల్నీ కప్పల్నీ పట్టుకోవడమే వాళ్ల పని. చుట్టూ సముద్రం ఉన్న చోట ఒక పురుగు దిగిందంటే దానికి శత్రువు ఉండదు, మనకి పారిపోయే చోటు ఉండదు. ఇది దేదీప్య నాకు చెప్పిన మొదటి పాఠం.

చిన్నప్పుడు తండ్రి దుకాణంలో కూర్చుని పురుగుమందు పాకెట్ల మీద ఉన్న బొమ్మలన్నీ చూసేదట. ఏ మందుకి ఏ పురుగు చస్తుందో రైతులు అడిగితే తండ్రి కంటే ముందు చెప్పేదట. హిలోలో, అంటే పక్కనున్న పెద్ద దీవిలో, మాస్టర్స్‌కి వచ్చింది. తనతో అమెరికా బయల్దేరిన నిశాంత్, అక్షయ్ ఇద్దరూ ఇప్పుడు ప్లేనోలో కంప్యూటర్ల ముందు చల్లగా కూర్చున్నారు. వారం వారం వీడియో కాల్‌లో "చీమల మేడమ్ గారూ, ప్రమోషన్ వస్తే దోమలిస్తారా?" అని ఏడిపిస్తారు. వచ్చిన రెండు సంబంధాలూ వెనక్కి పోయాయి. ఒక పెళ్లికొడుకు తల్లయితే ఫోన్‌లోనే, "పిల్ల సైంటిస్ట్ అన్నరు గదా, మరి గా బురద ఫోటోలేంది?" అని అడిగిందట. దేదీప్య ఇదంతా మా వంటింట్లో నిలబడే, పళ్లెం చేతిలో పట్టుకుని, పెరుగన్నం తింటూ చెప్పింది. కూర్చోమంటే కూర్చోదు. ప్యాంటుకి ఏం అంటుకుని ఉందోనని భయం.

గంట తరవాత పుల్లలు తీసింది. మెట్ల కింద పెట్టినదాని మీద ఏమీ లేదు. తులసికోట దగ్గరదీ శుభ్రంగా ఉంది. కరివేపాకు చెట్టు మొదట్లో పెట్టిన పుల్ల తీసేసరికి దేదీప్య ముఖం మారిపోయింది.

నేను వంగి చూశాను. పీనట్ బటర్ కనబడటం లేదు. దాని మీద నారింజ తొక్క రంగులో ఏదో కదులుతోంది. ఒక్కొక్కటీ నువ్వుగింజలో సగం లేదు. పరుగెత్తవు, తొందరపడవు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, ముద్దలు ముద్దలుగా, కుళ్లిన పుండు మీద చీము కదిలినట్టు కదులుతున్నాయి. ఆ చెట్టు ఆకే కదా ఆ పొద్దున చారులో వేశాను!

"ఇది నిప్పుచీమ ఆంటీ. కొమ్మ కదిపితే మీద రాలుతయి. కుడితే వారం మండుతది. ఎన్ని రోజులైంది మీకు చేతుల మీద గా దద్దుర్లు?"

అప్పుడు చూసుకున్నాను. ఏడాదిగా మోచేతుల దాకా దద్దుర్లే. మెడ మీద, బొడ్డు దగ్గర కూడా. నేనేమనుకున్నాను? వేడి చేసిందనుకున్నాను. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. మజ్జిగ తాగాను. మా అమ్మాయి క్రీమ్ తెస్తే రాసుకున్నాను. ఫోన్లో మన ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు "ఆంటీ, నాకూ వేడి చేసింది" అంటుంటే అందరికీ సబ్జా నీళ్లే చెప్పాను. పక్కింటి పిల్లి కళ్లు పోతున్నా, మా ఆడవాళ్లందరం మజ్జిగ తాగుతూ కూర్చున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

"ఈ చెట్టు ఎక్కడ్నుంచి తెచ్చిన్రు ఆంటీ?"

"ఎవరో ఇచ్చారమ్మా," అన్నాను.

అబద్ధం. నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో! అది ఎవరో ఇచ్చింది కాదు. అప్పటికి నాలుగేళ్ల ముందు, హిలోలో ఉండే మా స్నేహితురాలు ఉషా చేత నేనే తెప్పించాను. ఒక దీవి నించి ఇంకో దీవికి మొక్క తేవాలంటే ముందు వ్యవసాయశాఖ ఆఫీసులో చూపించి కాగితం తీసుకోవాలి. మట్టితో ఉన్నదాన్ని అసలు రానివ్వరు. నేనే ఉపాయం చెప్పాను. "తల నరికేసి, వేళ్ల చుట్టూ తడిగుడ్డ చుట్టి, అయిదు లీటర్ల కుక్కర్‌లో పెట్టి మూత బిగించు. కుక్కర్ అంటే మన ఇంటి సామానే కదా, ఎవడు అడుగుతాడు?" ఎవరూ అడగలేదు. ఉషా కుక్కర్ ఒళ్లో పెట్టుకుని విమానంలో కూర్చుని, ఇంటికి రాగానే "ఇదిగో అక్కా, ఇంకా కూత వేయలేదు" అని మూత తీసింది. ఎంత నవ్వుకున్నామో!

ఆ మొక్క మూడేళ్లలో చూరంత ఎత్తయింది. నల్లటి పళ్లు గుత్తులు గుత్తులుగా కాసింది. ఆ ఏడు మా అమ్మాయి వరలక్ష్మీ వ్రతానికి, ప్లాస్టిక్ డబ్బాలు పంచడం నాకు అసహ్యమని, వాయనంలో మొక్క ఇద్దామన్నాను. కొబ్బరిపీచు కప్పుల్లో, చెట్టు కింది నల్లటి మట్టి నింపి, ఒక్కో మొక్క పెట్టి, కప్పుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. ఇరవై ఒక్క మందికి ఇచ్చాను. అందరూ పట్టుచీరలతో, మొక్క చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఫోటో దిగారు. "ఆంటీ, ఎంత ఎకో ఫ్రెండ్లీ ఐడియా!" అన్నారు. ఆ ఫోటో మా హాల్లో గోడ మీదే ఉంది.

దేదీప్య దాన్ని చూసింది. కప్పుల మీది బొట్ల దాకా వంగి చూసింది.

"వాయనమా?"

నేను తలూపాను.

"ఇరవై ఒకటి," అని వేలితో లెక్కపెట్టింది. గొంతు తగ్గించి, "ఆంటీ, ఇళ్లల్ల ఉన్నంతసేపు పట్టుకోవచ్చు. ఎర పెట్టి, ఆరు వారాలకోసారి, ఏడాది పొడుగునా చేస్తే పోతయి. కానీ ఒక్కటి వాగులకి దిగిందంటే, వానలొస్తే, మళ్ల కెయోకి అంకుల్ మడి దాక పోతయి. చేమాకు మొదట్లనే గూడు పెడతయి. ఎవరు దిగుతరు ఇగ ఆ మడిల? వానలకి ఆరు వారాలే ఉంది," అంది.

మర్నాటి నించి ఆ ఫోటో ఫోన్‌లో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఇంటికి గవర్నమెంటు యూనిఫాం వేసుకున్న మనిషి వస్తే మనవాళ్లు ఎలా ఉంటారో మీకు తెలుసు. ఒకరికి గ్రీన్ కార్డ్ ఫైలు నడుస్తోంది, ఒకరిది అద్దె ఇల్లు, ఒకరికి ఊరికే భయం. "ఆ మొక్కా? అప్పుడే ఎండిపోయిందమ్మా" అని తొమ్మిది మంది ఒకే మాట చెప్పారు. ఫోటో చూపిస్తే, "అది నేనే కానీ, మొక్క పక్కావిడకి ఇచ్చేశా" అందొకావిడ. పక్కావిడేమో ఫోటోలో తన మొక్కతో తను నిలబడే ఉంది.

మూడో రోజు దేదీప్య మా మెట్ల మీద కూలబడింది. చేతులు దద్దుర్లతో ఎర్రగా ఉన్నాయి.

"మనోళ్ల ఇంటికి పోవాలంటేనే భయమైతుంది ఆంటీ. వేరేవాళ్లు తిట్టైనా లోపలికి రానిస్తరు. మనోళ్లు టీ ఇచ్చి అబద్ధం చెప్తరు."

నాకు చెంపమీద కొట్టినట్టయింది. ఆ పిల్లకి మొదటి అబద్ధం చెప్పింది నేనే.

శుక్రవారం మైత్రి ఇంట్లో లలితా పారాయణ. మైత్రి మా అమ్మాయితో పాటు ఆస్పత్రిలో పనిచేస్తుంది. వ్రతానికి వచ్చినవాళ్లు ఒక్కావిడ తప్ప అందరూ ఉన్నారు. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. హారతి అయ్యాక నేను లేచి నిలబడ్డాను.

"మైత్రీ, ఆ పులిహోరలో కరివేపాకు ఎక్కడిది?"

"కొన్నానాంటీ, స్టోర్‌లో..."

"కొన్న ఆకుకి ఇంత వాసన రాదు. నా చెట్టు వాసన నాకు తెలీదా? విను, మీరందరూ వినండి. ఆ చెట్టు నేను హిలో నించి కుక్కర్‌లో దొంగతనంగా తెప్పించాను. చీమలు దాంతోనే వచ్చాయి. మీ ఇళ్లకి బొట్టు పెట్టి మరీ పంపించింది నేనే. సోమవారం పొద్దున ఆఫీసుకెళ్లి నా పేరు నేనే చెప్తాను. శిక్ష వేస్తే నాకే వేస్తారు. ఇంక మీకు దాచడానికేముంది? చేతులు చూపించండి!"

మైత్రి జాకెట్టు చేయి పైకి లాగింది. దద్దుర్లు. దాని పక్కావిడ. ఆ పక్కావిడ. పట్టుచీరల కింద అందరివీ ఎర్రగా లేచిన చేతులే.

"మరి వేడి అన్నారుగా ఆంటీ!" అంది ఒకమ్మాయి, ఏడుపు గొంతుతో.

"నా బుర్ర వేడి," అన్నాను. "మొక్క ఉందా, లేదా?"

"బాత్‌రూమ్‌లో దాచా."

సోమవారం అన్నట్టే ఆఫీసుకెళ్లాను. రాసుకున్నారు, గట్టిగా చీవాట్లు పెట్టారు. పడ్డాను. ఉషా పేరు కూడా చెప్పాను. ఆవిడ నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు.

పది రోజుల్లో ఇరవై మొక్కలు బయటపడ్డాయి. గరాజుల్లో, దేవుడి గూటి వెనక, ఒకచోట పిల్లల బాత్‌టబ్‌లో. నా పెద్ద చెట్టుని నేనే దగ్గరుండి నరికించాను. కొమ్మకొమ్మకీ మందు కొట్టి, సంచుల్లో కట్టి తీసుకుపోయారు. మిగిలింది ఒకటి. ఫోటోలో మీనా చేతిలో ఉన్నది.

మీనా భర్త రాజారావు మా తెలుగు సంఘానికి పెద్ద. ఏటా ఏప్రిల్‌లో పిల్లల్ని సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్లి చెత్త ఏరిస్తాడు, "భూమి మన తల్లి" అని మైకులో చెప్తాడు. అప్పటికి కొన్ని నెలలుగా వాళ్ల ఇంటి ముందు అమ్మకం బోర్డు పాతి ఉంది. దేదీప్యతో నేనూ వెళ్లాను.

"మా ఇంట్లో చీమలేంటండీ?" అన్నాడు రాజారావు, తలుపు సగమే తీసి. "వి కీప్ ఇట్ వెరీ క్లీన్. ఆ మొక్క ఎప్పుడో పోయింది."

"ఎక్కడికి పోయింది బాబూ?" అన్నాను.

"పోయిందంటే పోయింది ఆంటీ. ఇన్‌స్పెక్షన్ టైమ్‌లో ఇలా యూనిఫాంలేసుకుని వస్తే బయ్యర్స్ ఏమనుకుంటారు? ఏమ్మా, నీది ఓపీటీయే కదా? కొంచెం చూసుకుని పని చేసుకోవాలి."

ఆ మాట వినగానే నా ఒళ్లు జలదరించింది. చీమలు పాకినా అంత జలదరించలేదు. దేదీప్య మాత్రం మామూలుగానే, "సార్, వాగు వైపు కంచె దగ్గర రెండు పుల్లలు పెట్టుకుంట, గంటలో పోత" అంది. తలుపు వేసేశాడు. కిటికీలోంచి మీనా చూస్తోంది. చేతులు పూర్తిగా కప్పే స్వెటర్ వేసుకుంది, ఆ ఎండలో.

కంచె బయట దారి అందరిదీ. మేమిద్దరం అటు వెళ్లాం. నేను కమ్మీలు పట్టుకుని కిందికి చూశాను. ఎందుకు చూశానంటే, కంచె అవతల ఏముందో చూడకుండా ఉండడం నాకు చేతకాదు. ఏటవాలు మీద ఇరవై అడుగుల కింద, జామచెట్టు వేళ్లలో, కొబ్బరిపీచు కప్పు పడి ఉంది. తడికి సగం కుళ్లింది. పసుపు ఇంకా కనిపిస్తూనే ఉంది. నా బొట్టు కూడా.

"దేదీప్యా," అన్నాను. వేలితో కిందికి చూపించాను.

ఆ పిల్ల చూసింది. తలకి టోపీ బిగించి, కాలర్ పైకి లేపి, కంచె దాటి దిగింది. జామకొమ్మ భుజానికి తగిలింది. ఆకుల మీంచి పొడి రాలినట్టు రాలాయి. మెడ మీద చేత్తో కొట్టుకుంది, మళ్లీ కొట్టుకుంది, చొక్కాలోకి చెయ్యి పెట్టి దులుపుకుంది. కేక మాత్రం వేయలేదు. అరవై పుల్లలు తెమ్మంది. నేను పైనించి పదేసి కట్టలు విసిరాను. వాగు పొడుగునా, దిగువకి, ఒక్కో వేరు దగ్గరా పెట్టుకుంటూ పోయింది.

గంట తరవాత ఏరింది. అరవైలో నలభై ఏడింటి మీద ఉన్నాయి. పైకి వచ్చేసరికి కుడికన్ను వాచి మూసుకుపోయింది.

"మడి గట్టు ఎంత దూరం?" అన్నాను.

"ఆఖరి పుల్ల నించి మూడువందల అడుగులు."

ఆ సాయంత్రమే కెయోకి దగ్గరికి వెళ్లాం. దేదీప్య ప్లాస్టిక్ సంచిలో పుల్ల చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, సంచిని వెలుతురుకి పట్టుకుని చూశాడు. తాతల నాటి మడి. పొద్దున్నే మనవరాలు చెప్పుల్లేకుండా దిగే మడి. ఎవరు చేశారని అడగలేదు. నేనే చెప్పాను, నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో. "మై ట్రీ. మై కుక్కర్." ఆయన నా వైపు చూసి తలూపాడు. ఊరుకోబెట్టడానికి కాదు, విన్నానని. తరవాత దేదీప్యకి కన్ను మీద పెట్టుకోమని తడిపిన గుడ్డ ఇచ్చాడు.

మీనాని ఒకసారి స్టోర్‌లో పట్టుకున్నాను. "నేను చెప్తానన్నానాంటీ. ఆయన వినలేదు. బోర్డు పాతే ముందు రోజు కంచె మీంచి గిరాటేశారు," అంది, నా మొహం చూడకుండా. ఇల్లు అమ్ముడుపోయింది. నెలలోపే ప్లేనో వెళ్లిపోయారు. వీడ్కోలు సభలో దీవి ప్రకృతిని తను ఎలా ప్రేమించాడో రాజారావు అరగంట చెప్పాడట. నేను వెళ్లలేదు. వెళ్లి చప్పట్లు కొట్టిన వాళ్లలో ఆ దద్దుర్ల చేతులవాళ్లే ఎక్కువ. ఆ చప్పట్ల సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

ఇళ్లల్లో చీమ పోయింది. ఏడాది పాటు ఎర వేశారు, మళ్లీ ఏడాది పుల్లలు పెట్టారు, ఒక్కటీ రాలేదు. పక్కింటి పిల్లికి ఒక కన్ను మిగిలింది. వాగులో మాత్రం పోలేదు. చెట్ల మీద ఉంటాయి, బండల కింద ఉంటాయి, వానకి జారి ఇంకాస్త దిగువకి పోతాయి. ఆరు వారాలకోసారి దేదీప్య దిగుతుంది. నేను కంచె దగ్గర కుర్చీ వేసుకుని పుల్లలకి పీనట్ బటర్ పూస్తాను. పల్చగా పూయాలి, మందంగా పూస్తే తిడుతుంది. ఓపీటీ అయిపోయే లోపు ఆ టీమే వీసా మార్చి ఉంచుకుంది. మూడో సంబంధం మాటలు నడుస్తున్నాయి. ఆ అబ్బాయి ఫోన్ చేస్తే ముందు చీమల గురించి అడిగాడట. నాకు అనుమానమే, కానీ అడిగాడట.

నిన్న కూడా దిగింది. అరవై పుల్లల్లో పదకొండింటి మీద ఉన్నాయి. గట్టు వైపున పెట్టిన ఇరవై శుభ్రంగా వచ్చాయి. అక్కడ్నించే చెయ్యెత్తి చూపించింది. ఆ వెనక మడిలో కెయోకి మనవరాలు బురదలో చెప్పుల్లేకుండానే నిలబడి ఉంది.

అప్పుడే నా ఫోన్ మోగింది. మీనా. ఆవిడ నాతో మాట్లాడి ఏడాది దాటింది.

"ఎలా ఉన్నారాంటీ? ఇక్కడ గృహప్రవేశం పెట్టుకున్నాం. రిటర్న్ గిఫ్ట్స్‌కి ప్లాస్టిక్ వద్దన్నారాయన. మీ ఐడియానే బావుందన్నారు. ఆ చెట్టు గింజలు కానీ, చిన్న పిలకలు కానీ ఏమన్నా మిగిలాయా? నిశాంత్ అనే అబ్బాయి వచ్చే వారం అక్కడికి వస్తున్నాడట, హిలోలో చదివిన వాళ్ల ఫ్రెండ్‌ని చూడ్డానికి. చిన్న కుక్కర్‌లో పెట్టి..."

కిందనించి దేదీప్య కేక వేసింది. "ఆంటీ! ఇంకో పది వేయండి! పల్చగ పూయండి!"

నేను ఫోన్ పెట్టేసి, పది పుల్లలకి పల్చగా పూసి, కట్ట కట్టి, ఆ బొట్టు కప్పు పడిన చోటికే గురిచూసి విసిరాను.